మాస్టారికి కుర్చీ వెయ్యని రోజు

డిసెంబరు నెలలో పొద్దున్నే మా సిమెంటు ఫ్యాక్టరీ కాలనీ గేటు దగ్గర నిలబడితే ఎవరిది ఏ ప్రాంతమో అడక్కుండానే చెప్పేయొచ్చు. నెత్తిన మంకీ క్యాపు, దాని మీద మఫ్లరు, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని "అబ్బబ్బ, ఏం చలండీ బాబూ, చంపేస్తంది" అనేవాడు మన జగ్గయ్యపేటవాడు. పొట్టి చేతుల చొక్కాలో, నుదుటి చెమట తుడుచుకుంటూ పార్కు చుట్టూ మూడో రౌండు కొడుతున్న పెద్దాయన ఉత్తరాదివాడు. వాళ్ళు మనల్ని చూసి ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. మనం వాళ్ళని చూసి "ఒంట్లో హీటర్లేమైనా పెట్టించుకున్నారా వీళ్ళు?" అనుకునేవాళ్ళం.

ఆ కాలనీ డిస్పెన్సరీలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. మా ఇల్లు నందిగామలో. రోజూ బస్సెక్కి చిల్లకల్లులో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళొచ్చేదాన్ని. ఇప్పుడు మా వీధిలో నర్సింగ్ చదివే ఆడపిల్లలు నలుగురున్నారు. ఆదివారం చర్చి అయ్యాక మా వరండాలో చేరి, "ఆంటీ, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏంటి?" అని అడుగుతుంటారు. క్వారీలో ప్రమాదమో, పాముకాటో చెబుతానని వాళ్ళ ఆశ. అవీ ఉన్నాయి. కానీ నాకు ఇప్పటికీ తల్చుకుంటే ఒకసారి సిగ్గు, ఒకసారి నవ్వు వచ్చే కేసు ఒకటుంది. అందులో రక్తం కొంచెమే, కుర్చీల గొడవ ఎక్కువ. పిల్లలూ, మీకోసమే రాస్తున్నాను, నవ్వుకోండి కానీ చివరిదాకా చదవండి.

మా ఫ్యాక్టరీలో ఇంజినీర్లు చాలామంది ఉత్తరాదివాళ్ళు. దీపావళి వెళ్ళిన వారం పదిరోజులకి వాళ్ళ అమ్మానాన్నలు ఒక్కొక్కరే కాలనీలో దిగేవాళ్ళు, కొల్లేటికి పిట్టలొచ్చినట్టు. అక్కడ పొగమంచు, గడ్డకట్టే నీళ్ళు, కుంపటి పక్కన కూర్చుని దగ్గడం. ఇక్కడ హాయిగా ఎండ. హోలీ దాకా ఉండి, మన రోళ్ళు పగిలే ఎండలు మొదలవకముందే సర్దుకుని వెళ్ళిపోయేవాళ్ళు. మా ఫార్మసిస్టు వాళ్ళకి 'చలి చుట్టాలు' అని పేరు పెట్టాడు. ఆయనది కోదాడ వైపు. "సిస్టర్, చలి చుట్టాలు దిగిన్రు. బీపీ బిళ్ళలు, షుగర్ బిళ్ళలు ఇంకో పెట్టె తెప్పియ్యాలె" అనేవాడు ప్రతి నవంబరులో.

ఆ చుట్టాల్లో ఒకాయన డ్రిల్లు మాస్టారు. ఎక్కడో హిందీ దేశంలో చిన్న టౌన్లో హైస్కూలు పిల్లల చేత కవాతు చేయించి రిటైరయ్యాడు. డెబ్బై దాటినా వెన్ను నిటారుగా ఉండేది. కొడుకు మా ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ ఇంజినీరు. మాస్టారికి ఊపిరితిత్తులు మంచివి కావు. వాళ్ళ ఊళ్ళో వరసగా రెండు చలికాలాలు ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టుకుని పడుకున్నాడట. అక్కడి డాక్టరు, "మూడోసారి వస్తే నేను మాట ఇవ్వలేను. చలికాలం మాత్రం ఈ ఊళ్ళో ఉండకండి" అని తేల్చి చెప్పాడు. అలా మా దగ్గరికి వచ్చాడు. మొదటి ఏడాది నాలుగు నెలలూ దగ్గన్నది లేకుండా తిరిగాడు. పక్క క్వార్టర్లవాళ్ళు ఇచ్చిన ఆవకాయని పరాఠాలో చుట్టుకుని తిని, జాడీ ఖాళీ చేసి మరీ వెళ్ళాడు.

నేను రాసేది రెండో ఏడాది సంగతి. ఈసారి బయల్దేరే ముందే వాళ్ళ ఊళ్ళో చలి మొదలైంది. చలికి బీపీ పెరిగితే, అక్కడి డాక్టరు ఉన్న బిళ్ళకి తోడు ఇంకో బిళ్ళ రాశాడు. ఆ రెండు బిళ్ళలతో ఆయన మా దగ్గర దిగాడు. చలికి పెరిగిన బీపీ వెచ్చటి ఊరొస్తే దిగుతుందని నర్సింగ్ చదివిన ఎవరికైనా తెలుసు. నాకూ తెలుసు. తెలిసిన సంగతి గుర్తుకు రావడానికి నాకు మూడు వారాలు పట్టింది.

డిసెంబరు రెండో వారంలో మాస్టారికి కళ్ళు తిరగడం మొదలైంది. పూజ దగ్గర్నుంచి లేస్తే గోడ పట్టుకుంటున్నాడు. పార్కులో బెంచీ మీంచి లేచి రెండడుగులు వేసి ఆగిపోతున్నాడు. ఆయన భార్యని మేమంతా మాతాజీ అనేవాళ్ళం. ఆవిడకి ఒకటే మాట: ఈ ఊరి నీళ్ళు పడలేదు. వాళ్ళకి ఏ జబ్బు వచ్చినా నీళ్ళో, గాలో కారణం. మనకి ఏ జబ్బు వచ్చినా ఇంకోటి కారణం. మా ఫార్మసిస్టు మాస్టారి నాలిక ఒక్కసారి చూసి తేల్చేశాడు.

"వేడి చేసింది సిస్టర్. ఆ ఆవకాయ తిని తిని ఒళ్ళంతా వేడి. ఇంకేం లేదు."

"నేనూ అదే అనుకుంటన్నా" అన్నాను. నిజంగానే అదే అనుకున్నాను. మా అమ్మ నన్ను పెంచింది అదే శాస్త్రంతో కదా.

ఇక మొదలైంది మా వైద్యం. ఆవకాయ బంద్. కూరల్లో ఉప్పు సగానికి సగం. పొద్దున బార్లీ నీళ్ళు, మధ్యాహ్నం ఉప్పు వెయ్యని పల్చటి మజ్జిగ, సాయంత్రం సబ్జా గింజలు. ఇంట్లోంచి మజ్జిగ సీసాలో పోసుకుని నందిగామ నుంచి నేనే మోసుకెళ్ళిన రోజులున్నాయి. మాతాజీ ఒకవైపు అల్లం కషాయం కాచి పోసేది. ఉత్తరాది కషాయానికీ, కృష్ణా జిల్లా మజ్జిగకీ మధ్య మాస్టారు నలిగిపోయాడు. పాపం, ఆయన ఎవరినీ కాదనేవాడు కాదు. రెండూ తాగి ఇద్దరికీ నమస్కారం పెట్టేవాడు.

బీపీ చూడలేదా అంటారా? చూశాను. రోజు విడిచి రోజు చూశాను. అక్కడే ఉంది అసలు కథ.

మన దగ్గర పెద్దవాళ్ళు గుమ్మంలో కనపడితే ముందు ఏం చేస్తాం? కుర్చీ వేస్తాం. నిలబడి మాట్లాడనివ్వడం మనకి చేతకాదు. మాస్టారు డిస్పెన్సరీ మెట్టెక్కడం ఆలస్యం, మా ఆయమ్మ ఉరుకులు పరుగుల మీద కుర్చీ తెచ్చి, కొంగుతో దులిపి, "కూర్చోండి బాబుగారూ, కూర్చోండి" అనేది. ఆవిడకి హిందీ ముక్క రాదు. చేత్తో కుర్చీ మీద చరిచి చూపించేది. ఆయన మొహమాటపడుతూ కూర్చునేవాడు. మంచినీళ్ళిచ్చి, ఫ్యాను వేసి, కొడుకు గురించి, మనవరాలి చదువు గురించి నాలుగు మాటలయ్యాక నేను తీరిగ్గా పట్టీ కట్టేదాన్ని. నూట ఇరవై నాలుగు. నూట ఇరవై రెండు. నూట ఇరవై ఆరు. "మీకేం మాస్టారూ, పాతికేళ్ళ కుర్రాడి బీపీ" అనేదాన్ని. వారానికి రెండుసార్లు వచ్చే మా డాక్టరుగారి గదిలో కూడా అంతే. ఆయన కూడా లేచి నిలబడి మరీ మాస్టారిని కూర్చోబెట్టేవారు.

క్రిస్మస్ అయిన మూడో రోజున మాస్టారు పార్కులో పడ్డాడు. బెంచీ మీంచి లేచాడట, అంతే. పూలమొక్కల చుట్టూ పాతిన ఇటుక అంచు నుదుటికి తగిలింది. మూడు కుట్లు పడ్డాయి. నేనే దగ్గరుండి శుభ్రం చేశాను. మాతాజీ గుమ్మం బయట కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. డ్యూటీ బట్టలతో పరిగెత్తుకొచ్చిన కొడుకు, అందరి ముందూ, ఆయమ్మ ముందు కూడా, నా మీద విరుచుకుపడ్డాడు. అతనికి పదేళ్ళ నుంచీ ఇక్కడ ఉండి తెలుగు బాగా వచ్చు. రాకపోయినా బాగుండేది.

"ఇన్ని రోజులుగా బీపీ బాగుంది, బీపీ బాగుంది అంటున్నారు సిస్టర్. మజ్జిగ తాగిస్తున్నారు. ఇదేం వైద్యం? ఇక్కడి నీళ్ళు నాన్నకి పడట్లేదని అమ్మ మొదట్నుంచీ చెబుతోంది. మీరే వినలేదు. ఆదివారానికి టికెట్లు తీసేస్తున్నా."

"జనవరిలో అక్కడికా?" అన్నాను.

"ఇక్కడ తల పగిలి పోవడం కంటే నయమే కదండీ" అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. నందిగామ నుంచి మజ్జిగ మోసుకొచ్చినందుకు ఇదా బహుమానం అని ఒళ్ళు మండిపోయింది. ఆ వారమంతా వాళ్ళ క్వార్టరు వైపు తొంగి చూడలేదు. "పోతే పోనీ" అని ఫార్మసిస్టుతో అన్నాను. కానీ బస్సులో ఇంటికి వెళ్తూ, పొగమంచులో గంటల తరబడి ఆగే ఆ రైలూ, దిగగానే ఆ చలీ, మళ్ళీ ఆ ఆక్సిజన్ సిలిండరూ గుర్తొచ్చేవి. ఆయన వెళ్తే మళ్ళీ తిరిగొస్తాడన్న నమ్మకం నాకు లేదు.

శనివారం వచ్చింది. మర్నాడు పొద్దున విజయవాడలో వాళ్ళ రైలు. ఆయమ్మ ఆ రోజు సెలవు. అక్క మనవరాలి ఓణీల ఫంక్షనని కంచికచర్ల వెళ్ళింది. నేను మందుల కౌంటరు వెనక స్టాకు రిజిస్టరు ముందేసుకుని ఉన్నాను. ఉన్న ఒక్క కుర్చీ మీదా ఆ పూటే వచ్చిన దూది కట్టలు పేర్చి ఉన్నాయి. పదకొండు గంటలప్పుడు మాస్టారు ఒక్కడే మెల్లగా నడిచి వచ్చాడు. నుదుటి మీద ప్లాస్టరు. ఆయన హిందీలో అన్నవి నేను తెలుగులో రాస్తున్నాను.

"నమస్తే సిస్టర్‌జీ. రేపు వెళ్తున్నాం."

"ఊఁ" అన్నాను, తల ఎత్తకుండా.

"దారిలో చూపించడానికి బీపీ ఎంతుందో ఒక కాగితం మీద రాసిస్తారా?"

ఇంకో రోజయితే ఆ దూది కట్టలు నా నెత్తిన పెట్టుకునైనా ఆయనకి కుర్చీ ఖాళీ చేసేదాన్ని. ఆ రోజు చెయ్యలేదు. కొడుకు మీది కోపం తండ్రి మీద చూపించాను. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ అదే నిజం. "చెయ్యి ఇక్కడ పెట్టండి" అని కౌంటరు చూపించాను. ఆయన మారుమాట్లాడకుండా చొక్కా చెయ్యి మడిచి, కౌంటరు మీద ఆనించి, నిలబడ్డాడు. నేనూ నిలబడే పట్టీ కట్టి గాలి కొట్టాను.

పాదరసం దిగుతోంది. నూట ఇరవై దగ్గర చప్పుడు రావాలి. రాలేదు. నూట పది, లేదు. నూరు, లేదు. తొంభై రెండు దగ్గర ఎక్కడో లోతులోంచి 'టక్, టక్' అని మొదలైంది. మిషను చెడిందనుకున్నాను. తర్వాత స్టెతస్కోపు చెడిందనుకున్నాను. మన తప్పేమో అన్న అనుమానం మనకి ఎప్పుడూ మూడోసారే వస్తుంది.

"సిస్టర్‌జీ, కరెంటు పోయిందా? చీకటైంది" అన్నాడు మాస్టారు.

పట్టపగలు పదకొండు. కిటికీలోంచి ఎండ సరిగ్గా ఆయన మొహం మీదే పడుతోంది.

దూది కట్టల్ని చేత్తో ఒక్క తోపు తోసి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ చూశాను. నూట ఇరవై రెండు! పాతికేళ్ళ కుర్రాడి బీపీ. ఫార్మసిస్టుని కేకేశాను. ఆయన వచ్చి, "మిషన్ ఖరాబైంది సిస్టర్, నాకు చూడుండ్రి" అని చెయ్యి చాపాడు. చూస్తే నూట అరవై.

"చూసిన్రా? చెడిపోయింది. నాకు గింత ఎందుకుంటది?" అన్నాడు.

కూర్చోబెట్టి చూసినా నూట అరవయ్యే, నిలబెట్టినా నూట అరవయ్యే. మిషను బంగారంలా ఉంది. ఆ రోజు నుంచి ఆయన కూడా బిళ్ళ వేసుకోవడం మొదలుపెట్టాడన్నది వేరే కథ. మాస్టారిని మెల్లగా లేపి, ఫార్మసిస్టుని పక్కన పట్టుకోమని, మళ్ళీ చూశాను. తొంభై నాలుగు. కూర్చుంటే ఎక్కుతోంది, నిలబడితే దిగిపోతోంది. ఆయన తూలేది ఎప్పుడూ లేచినప్పుడేనని, మూడు వారాలుగా ఆ మాట ఆయనా, మాతాజీ, పార్కులో చూసినవాళ్ళూ అందరూ చెబుతూనే ఉన్నారని అప్పుడు తట్టింది. రిజిస్టరు తెరిచి చూసుకున్నాను. ముత్యాల్లాంటి దస్తూరీతో నేను రాసిన అంకెలన్నీ కుర్చీలో కూర్చున్న మనిషివి. మర్యాద చేసి చేసి ఆ మనిషి జబ్బుని మా కళ్ళకి కనపడకుండా చేసుకున్నాం. పైగా రెండు బిళ్ళలతో దిగిపోతున్న బీపీని ఉప్పు మాన్పించి, మూత్రం జారీ చేసే బార్లీ నీళ్ళు పట్టించి ఇంకా కిందికి లాగాం.

డాక్టరుగారు ఆ రోజు నందిగామ క్లినిక్‌లో ఉన్నారు. ఫోన్ చేసి చెప్పాను. "ఫోన్లో బిళ్ళలు మార్చనమ్మా. మనిషిని చూడాలి. ఐదింటిలోపు తీసుకురా" అన్నారు. ఇంజినీరుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఫ్యాక్టరీలో బట్టీ ఆపి మరమ్మతులు చేస్తున్నారు, ఎవరూ బయటికి వచ్చే స్థితిలో లేరు. కాలనీ అంబులెన్సు కూడా అందుకే ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆపి ఉంచారు, కదపడానికి లేదు. నేనే క్వార్టరుకి వెళ్ళాను. మాతాజీ సూట్‌కేసులు కట్టి తాళాలు వేస్తోంది. నాకొచ్చిన హిందీలో చెప్పాను: తప్పు నాది, నీళ్ళది కాదు, నాతో నందిగామ రండి. ఆవిడ వెంటనే చెప్పులేసుకుంది.

ఆటోలో చిల్లకల్లు, అక్కణ్ణుంచి బస్సు. బస్సు కిక్కిరిసి ఉంది. ప్లాస్టరు వేసుకున్న పెద్దాయన్ని చూడగానే ముగ్గురు ఒక్కసారే లేచి "రండి రండి, కూర్చోండి" అన్నారు. మన జనం మారరు కదా అని నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నందిగామలో దిగేటప్పుడు మాత్రం రభస అయింది. ఆయన్ని సీటు అంచుకి జరిపి, కాళ్ళు ఆడించమని, ఒక నిమిషం ఆగి లేవమన్నాను. కండక్టరు వెనకనించి కేకలు.

"ఎంతసేపమ్మా? దిగండి, దిగండి! విజయవాడ ఎప్పుడు పోవాల?"

"నువ్వు ఒక్క నిమిషం ఆగు నాయనా. ఈయన పడితే నువ్వు ఎత్తుతావా?" అన్నాను, నా అసలు గొంతుతో.

మాస్టారు లేచాడు, నిలబడ్డాడు, నా చెయ్యి పట్టుకుని మెల్లగా దిగాడు. దిగాక వెనక్కి తిరిగి కండక్టరుకి నమస్కారం పెట్టాడు. కండక్టరు తెల్లబోయి తనూ పెట్టాడు.

డాక్టరుగారు ఆయన్ని పడుకోబెట్టి చూశారు, లేపి వెంటనే చూశారు, మూడు నిమిషాలాగి మళ్ళీ చూశారు. స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని నా వైపు తిరిగారు.

"మూడు వారాలు ఏం చేస్తన్నావమ్మా?"

"కూర్చోబెట్టి చూసానండి" అన్నాను.

ఆయన నవ్వారు. "నేనూ కూర్చోబెట్టే చూసాలే. ఇద్దరం కలిసే మునిగాం" అని కాగితం అందుకున్నారు. కొత్తగా చేర్చిన బిళ్ళ తీసేశారు, పాతది సగం చేశారు. ఉప్పు మామూలుగా తినమన్నారు. లేచేటప్పుడు మంచం అంచున కూర్చుని ఆగి లేవమన్నారు. ఇక్కణ్ణుంచి వాళ్ళ ఊరికి తిరిగి వెళ్ళాక అక్కడి డాక్టరుకి చూపించుకుని మళ్ళీ మోతాదు సరిచేయించుకోవాలని పెద్దక్షరాలతో రాశారు. అన్నీ నేను హిందీలో చెబుతుంటే మాస్టారు బుద్ధిగా విన్నాడు. చివర్లో ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"డాక్టర్‌సాబ్, ఆవకాయ?"

"తినొచ్చు. మితంగా" అన్నారు డాక్టరుగారు. ఆ 'మితంగా'ని నేను హిందీలోకి మార్చేలోపే మాస్టారు భార్య వైపు తిరిగి విజయం సాధించినట్టు నవ్వాడు.

పిల్లలూ, మీరు ఇక్కడ ఆగి ఒకటి రాసుకోండి. కళ్ళు తిరుగుతున్నాయన్నవాళ్ళని పడుకోబెట్టీ చూడాలి, నిలబెట్టీ చూడాలి. పుస్తకంలో ఉంది కదా అంటారు. నా పుస్తకంలోనూ ఉంది. మన పెంపకం ఒక్కోసారి మన చదువు కంటే ముందు పరిగెత్తుతుంది. కుర్చీ వెయ్యడం మానమని నేను చెప్పను, వేసే ముందు ఒక్కసారి ఆగమంటాను.

మేము తిరిగి కాలనీ చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఇంజినీరు వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. తండ్రి లేడు, తల్లి లేదు, సూట్‌కేసులు మాత్రం గుమ్మంలో ఉన్నాయి. మమ్మల్ని చూసి గేటు దాకా వచ్చేశాడు.

"నాకు చెప్పకుండా ఎక్కడికి తీసుకెళ్ళారు సిస్టర్? రేపు పొద్దున రైలు!"

దారిపొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూనే వచ్చాను. బిళ్ళల వల్ల అయిందని చెప్పి ఊరుకోవచ్చు. అదీ అబద్ధం కాదు. రాసింది అక్కడి డాక్టరు కాబట్టి నా మీదికి ఏమీ రాదు. కానీ అతను నమ్మాల్సింది నన్ను. సగం దాచి నమ్మమంటే ఎందుకు నమ్ముతాడు?

"బాబూ, తప్పు నాదే" అన్నాను. "మీ నాన్నగారికి నిలబడితే బీపీ పడిపోతంది. నేను ఒక్కసారన్నా నిలబెట్టి చూడలేదు. ఉప్పు మాన్పించి ఇంకా పాడుచేసా. నీళ్ళు పడకపోవడం కాదు, ఈ ఊరి తప్పేం లేదు. ఒక్క వారం టైమివ్వు. ఈ వారంలో ఆయన మళ్ళీ ఒక్కసారి తూలినా, నేనే దగ్గరుండి రైలెక్కిస్తా."

పోట్లాడటానికి సిద్ధంగా ఉన్న మనిషికి ఎదుటివాళ్ళు తప్పు ఒప్పేసుకుంటే ఏం చెయ్యాలో తోచదు. అతను డాక్టరుగారి కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు. "వారం తర్వాత టికెట్లు దొరకవు సిస్టర్" అన్నాడు, మెత్తబడిన గొంతుతో.

ఈలోపు మాతాజీ మా ఇద్దరినీ దాటుకుని లోపలికి వెళ్ళింది. పెద్ద సూట్‌కేసు తాళం తీసి, చీరల మధ్య చుట్టిపెట్టిన ప్రెషర్ కుక్కరు బయటికి లాగి, వంటింట్లోకి పట్టుకుపోయింది. కాసేపటికి కుక్కరు కూత వినపడింది. ఇక టికెట్ల మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ వారం నాకు సరిగ్గా నిద్ర లేదు. రోజూ డిస్పెన్సరీకి వెళ్ళే ముందు వాళ్ళ క్వార్టరుకి వెళ్ళి, పడుకోబెట్టీ, నిలబెట్టీ చూసేదాన్ని. రెండో రోజు నిలబడితే నూట రెండు. నాలుగో రోజు నూట ఎనిమిది. ఏడో రోజు నూట పద్దెనిమిది. ఆ రోజు ఇంజినీరు తనే టీ పెట్టి తెచ్చి ఇచ్చాడు. చక్కెర ఎక్కువైంది, అయినా తాగాను. సంగతి తెలిశాక ఆయమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "పెద్దాయన్ని నిలబెట్టి చూడటమేంటమ్మా, పాపం కాదూ?" అని వారం రోజులు నాతో ముభావంగా ఉంది.

జనవరి ఇరవై ఆరున కాలనీ స్కూలు గ్రౌండులో జెండా. మాస్టారు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని అందరికంటే ముందు వచ్చాడు. ముందు వరసలో పెద్దవాళ్ళకి కుర్చీలు వేశారు. జెండా ఎగిరింది, పిల్లలు జనగణమన ఎత్తుకున్నారు. అందరూ లేచారు. మాస్టారు కూడా లేచి, మడమలు కలిపి, చేతులు పక్కలకి ఆనించి, గెడ్డం ఎత్తి నిలబడ్డాడు. ఆ రోజు నేను జెండా వైపు చూడలేదు. దేవుడా, క్షమించు, ఆయన మోకాళ్ళ వైపే చూశాను. నా పక్కన ఫార్మసిస్టు జేబులో గ్లూకోజు పొట్లం పట్టుకుని నిలబడ్డాడు. ఇంజినీరు తండ్రికి అడుగు దూరంలో, పడితే పట్టుకోవడానికన్నట్టు చేతులు సగం చాచి ఉన్నాడు. పాట అంత పొడుగని నాకు అంతకుముందు తెలియదు.

పాట అయిపోయింది. చప్పట్లు కొట్టారు. కుర్చీలు చప్పుడు చేస్తూ అందరూ కూర్చున్నారు. మాస్టారు కూర్చోలేదు. కదలకుండా, తూలకుండా, కర్ర పాతినట్టు అలాగే ఉన్నాడు. కొడుకు చేతులు మెల్లగా కిందికి దించాడు. అప్పుడు మాస్టారు తల తిప్పి, జనంలో నన్ను వెతికి పట్టుకున్నాడు.

"ఇక కూర్చోమంటారా సిస్టర్‌జీ?"

నాకు కళ్ళనిండా నీళ్ళు. హిందీ ఒక్క ముక్క నోటికి రాలేదు. తెలుగులోనే అరిచాను.

"అప్పుడే వద్దు మాస్టారూ! ఇంకాసేపు అట్టాగే నిలబడండి. కళ్ళారా చూడనివ్వండి."